మన గడపలో మరమనిషి

ఒక చిన్న సంఘటనతో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాము. పోలవరములో మా విద్యార్థి ఒకడు తన పొరుగున ఉన్న వృద్ధురాలికి చేతిఫోనులో తెలుగు మాటలాడు యంత్రస్వరమును వినిపించదలచినాడు. ఆమె కుమార్తె ఇంటిపనికై కువైట్ వెళ్లి ఏండ్లు గడచినవి. కుమారుడు హైదరాబాదులో ఉన్నాడు. వీధిలోని పిల్లలందరికి ఆమె ‘మామ్మ’. సొంత మనుమలకు ‘దాదీ’. ఆ సమయమున మేమును అక్కడనే ఉన్నాము. ఫోనులోని ఆడగొంతు స్పష్టమైన ఉచ్చారణతో “నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?” అని అడిగినది. ఆమె ఫోను వంక ఎగాదిగా చూచి, “ఎవరింటి పిల్లవమ్మా నువ్వు?” అన్నది. యంత్రము కొంతసేపు ఊరకుండి, ప్రశ్న తనకు అర్థము కాలేదనియు, మరల చెప్పవలసినదనియు కోరినది. అందరు నవ్వినారు. మేమును నవ్వినాము.

ఇంటికి వచ్చిన తరువాత ఆలోచింపగా, ఆ ప్రశ్నలో నవ్వదగినది ఏమియు లేదని తోచినది. మన ఊళ్లలో క్రొత్తవారు గడప దాటి లోనికి వచ్చినచో మొదట అడుగు ప్రశ్న అదియే. నేడు ప్రపంచమందు అనేక ప్రయోగశాలలలో మనుషుల నడుమ మెలగు మరమనుషులను తయారు చేయు కృషి జరుగుచున్నది. ఆ మరమనిషి ఒకనాడు మన గడపకు వచ్చినచో మామ్మ ప్రశ్నకు ఏమని బదులు చెప్పవలెను? ఈ విషయమును విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మరమనుషులు రెండు విధములు

‘రోబో’ అను మాట చెక్ భాష నుండి వచ్చినది. కారెల్ చాపెక్ అను రచయిత 1920లో ప్రచురించిన నాటకమునందు ఇది మొదట కనిపించును. ఆ నాటకము 1921లో ప్రాగ్ నగరమున ప్రదర్శింపబడినది. ‘రోబోత’ అనగా ఆ భాషలో వెట్టిచాకిరి. కనుక ఈ యంత్రము పేరులోనే యజమాని, సేవకుడు అను సంబంధము ఇమిడి ఉన్నది.

మొదటి తరగతి రోబోలు కర్మాగారములకు చెందినవి. 1961లో అమెరికాలోని న్యూజెర్సీ యందు జనరల్ మోటార్స్ వారి కర్మాగారములో ‘యూనిమేట్’ అను యంత్రహస్తము కాగిన లోహపు ముక్కలను ఎత్తిపెట్టు పనిలో ప్రవేశించినది. అట్టి యంత్రము చుట్టు కంచె ఉండును. దానికి ఎవరితోను మాటలాడవలసిన అవసరము లేదు. ప్రతిదినము అదే వస్తువు అదే చోటికి వచ్చును.

రెండవ తరగతికి చెందినవి సామాజిక రోబోలు. వీటికి కంచె లేదు. మనిషి ముఖమును చూచుట, మాట వినుట, బదులు పలుకుట, అవసరమైనప్పుడు తప్పుకొని దారి ఇచ్చుట వీటి పనులు. అమెరికాలోని ఎం.ఐ.టి. యందు సింథియా బ్రెజీల్ 1990 దశకము చివర రూపొందించిన ‘కిస్మెట్’ అను యంత్రశిరస్సు ఈ మార్గమున తొలి అడుగులలో ఒకటి. అది కనుబొమలు, పెదవులు, చెవులు కదల్చి ఎదుటివారి స్వరములోని ఆప్యాయతకు, మందలింపునకు తగినట్లు ముఖకవళికలు మార్చెడిది. ఆ పేరు మనకు పరిచితమైన ‘కిస్మత్’ అను మాటయే అగుట ఆసక్తికరము.

పూర్వచరిత్ర

మనిషికి సేవ చేయు బొమ్మను తయారు చేయవలెనను కోరిక నేటిది కాదు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో బనూ మూసా సోదరులు చిత్రవిచిత్రమైన యంత్రములను గూర్చి గ్రంథము వ్రాసినారు. ఆ తరువాత అల్ జజరీ అను గొప్ప శిల్పి దియార్‌బకర్ ప్రాంతమును ఏలిన అర్తుఖీ రాజుల కొలువులో ఉండి, 1206లో తన యంత్రశాస్త్ర గ్రంథమును ముగించినాడు. అందు నెమలి రూపమున నిర్మించిన ఒక హస్తప్రక్షాళన యంత్రము కలదు. నెమలి ముక్కు నుండి నీరు జారును. వాడిన నీరు క్రింది తొట్టిలో చేరిన కొలది అందులోని తేలుడుబెండు పైకి లేచును. దానికి కట్టిన సాధనము ఒక తలుపును తెరువగా, చిన్న సేవకుని బొమ్మ సబ్బుపొడితో వెలికి వచ్చును. నీటి మట్టము ఇంకను పెరిగినంతట రెండవ బొమ్మ తువాలుతో వచ్చును. విద్యుత్తు లేదు, లెక్కలు కట్టు యంత్రము లేదు. నీటి బరువు తప్ప వేరొక శక్తి లేదు.

ఇందు మనము గమనింపవలసిన విషయము మరొకటి కలదు. వజూ చేయునపుడు సేవకులు చేతులపై నీరు పోయుట రాజునకు ఇష్టము లేకపోవుటచే, అట్టి పని చేయు సాధనమును తనను కోరినాడని జజరీ వ్రాసినాడు. అనగా ఒక మనిషి వేరొక మనిషికి ఊడిగము చేయునపుడు కలుగు సంకోచమే ఆ యంత్రమునకు కారణమైనది. ఎనిమిది వందల ఏండ్ల క్రిందటనే యంత్రనిర్మాత ఎదుర్కొన్న ప్రశ్న ఇనుము, ఇత్తడులకు మించినది. ఇద్దరు మనుషుల నడుమ నున్న మర్యాదను గూర్చినది.

ఈ శాస్త్రమున ఒక తెలుగువాడు

ఆధునిక రోబో శాస్త్ర చరిత్రలో ఒక తెలుగువాని పేరు ముందు వరుసలో ఉన్నది. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందినారు. తరువాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1979లో స్థాపింపబడిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూటునకు తొలి డైరెక్టరు అయినారు. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారమును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలసి అందుకొన్నారు. ఆసియా సంతతి వారిలో ఆ గౌరవము పొందిన మొదటివారు ఆయనయే.

ఆయన జీవితమునందలి ప్రధానకృషి యంత్రమునకు మనిషి మాటను వినుట నేర్పుట. ఆయన బృందము నిర్మించిన ‘హియర్‌సే’ అను వ్యవస్థతో 1970 దశకము తొలినాళ్లలోనే నోటిమాటతో చదరంగము ఆడగలిగినారు. 1976 నాటి ‘హార్పీ’ సుమారు వేయి మాటలను గుర్తింపగలిగినది. చదువు రానివారు సైతము కంప్యూటరును వాడుకొనునట్లు చేయవలెనను తపనతో 2000 దశకమున ఆయన దూరదర్శిని, టెలిఫోను, కంప్యూటరు కలసిన ఒక సులభసాధనమును గూర్చి కృషి చేసినారు. హైదరాబాదులో 1998లో ఏర్పడిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ పాలకమండలికి నాయకత్వము వహించినారు. 2008లో ప్రారంభమైన గ్రామీణ విద్యార్థుల సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తోడ్పడినారు. దాని నూజివీడు ప్రాంగణము మనకు ఎంతో దూరము కాదు.

యంత్రము మాటను వినుట నేడు చాలవరకు సాధ్యమైనది. అయినను వినుట వేరు, అన్నవారి ఆంతర్యము గ్రహించుట వేరు. మామ్మ ప్రశ్నలోని ప్రతి అక్షరమును ఆ ఫోను సరిగానే విని ఉండవచ్చును.

సభ వేరు, ఇల్లు వేరు

హైదరాబాదు నగరము ఇట్టి రోబోలను చూచియే ఉన్నది. 2017 నవంబరులో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో బెంగుళూరున తయారైన ‘మిత్ర’ అను రోబో ప్రధానమంత్రికి, అమెరికా ప్రతినిధి ఇవాంకా ట్రంప్‌నకు స్వాగతము పలికినది. ఆ సంవత్సరము డిసెంబరులో స్థానిక సంస్థ ఒకటి నిర్మించిన పోలీసు రోబోను జూబ్లీ హిల్స్ ప్రాంతమున ప్రదర్శించినారు. 2018 ఫిబ్రవరిలో ‘సోఫియా’ అను స్త్రీరూప రోబో ఆ నగరమునకే వచ్చి సభలో ప్రశ్నలకు బదులు చెప్పినది.

ఇవి అన్నియు సభలో మెప్పు పొందినవే. సభలో రోబో కొద్ది నిమిషములు నిలిచిన చాలును. నేల చదునుగా ఉండును, దీపములు వెలుగుచుండును, అడుగు ప్రశ్నలు ఇంచుమించు ముందే తెలిసియుండును. ఇంటిలో అది ఏండ్ల తరబడి నిలువవలెను. పెళ్లికి, చావుకు, జ్వరమునకు, తగవుకు సాక్షిగా ఉండవలెను. సభ నుండి ఇంటికి నడచు ఈ దారిలో ఎదురగు చిక్కులను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటి చిక్కు: పిలుపు

ఇంగ్లీషులో ఎదుటివాడు రాజైనను, బిచ్చగాడైనను ఒకే సర్వనామము చెల్లును. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ అను భేదము కలదు. ఉర్దూలో ‘తూ’, ‘తుమ్’, ‘ఆప్’ అను మూడు మెట్లు కలవు. సర్వనామముతో పాటు క్రియ కూడ మారును. ‘వచ్చాడు’, ‘వచ్చారు’, ‘వచ్చింది’ అను మూడింటిలో ఏది వాడవలెనో నిర్ణయించుటకు వచ్చినది ఎవరో తెలిసిన చాలదు; చెప్పువారికి, వినువారికి అతడు ఏమగునో తెలియవలెను. ఒకే స్త్రీ కోడలికి అత్తయ్య, మరిదికి వదిన, మనుమనికి మామ్మ. ‘మీరు’ అని అందరినీ పిలిచినచో చిక్కు తీరునని కొందరు అనవచ్చును. కాని పసిబిడ్డను ‘మీరు’ అనినచో వెక్కిరించినట్లుండును. తల్లిని ‘మీరు’ అనని ఇండ్లు మనలో ఎన్నియో కలవు.

గోదావరి మాటతీరు ఇంకొక చిక్కు. ఇక్కడ ‘అండీ’ చేరని మాట ముక్కుసూటిగా తగులును. ‘ఆయ్’ అనినచో వినయముతో కూడిన అంగీకారము. గ్రంథములలోని తెలుగును, వార్తలు చదువువారి తెలుగును విని పెరిగిన యంత్రమునకు ‘ఆయ్’ అనునది ఒక అరుపుగా తోచవచ్చును. “నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?” అను వాక్యము వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. మన అంగడిలో మాత్రము “ఏం కావాలండీ?” అందురు. ఇక మామ్మ తన మనుమనితో “బేటా, ఆ దవా గోలీ ఇలా పట్టుకురా” అని ఒక్క ఊపిరిలో రెండు భాషలు పలుకును. ఎగువ ఏజెన్సీ గ్రామములలో కోయ భాష మాటలాడు కుటుంబములు కలవు. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమంది తెలుగు ఒకే తెలుగు కాదని యంత్రనిర్మాత గ్రహింపవలెను.

రెండవ చిక్కు: అదను

మాటకు అదను ముఖ్యము. పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఒకరి ప్రశ్న ముగిసి మరొకరి బదులు మొదలగుటకు పట్టు కాలము సగటున సెకనులో ఇంచుమించు అయిదవ వంతు అని తేలినది. అనగా ఎదుటివాని మాట ముగియక ముందే మనము బదులును సిద్ధము చేసికొనుచున్నాము. యంత్రము మాట పూర్తియగు వరకు వేచి, ఆ తరువాత లెక్క కట్టి బదులిచ్చినచో ఆ కొద్దిపాటి ఆలస్యమే మనకు వెలితిగా తోచును.

ఎప్పుడు ఊరకుండవలెనో తెలియుట ఇంతకంటె కష్టము. రోబో అత్తగారి మందు వేళను గుర్తుంచుకొన్నదనుకొందము. నలుగురు చుట్టములు కూర్చుండగా “అత్తగారికి ఉదయం మాత్ర ఇవ్వలేదు” అని అది ప్రకటించినచో, యంత్రము దృష్టిలో అది సమాచారము; కోడలి దృష్టిలో నిందారోపణ. అదే మాటను వంటింటిలో మెల్లగా చెప్పినచో మేలు అగును.

అట్లే మన ‘వద్దు’ అను మాట. ఇంటికి వచ్చిన అతిథి కాఫీకి మొదట ‘వద్దండీ’ అనును. రెండవసారి అడుగనిచో మర్యాద తప్పినట్లగును. కాని మందు వద్దన్న రోగిని, ఫోటో వద్దన్న స్త్రీని అట్లే మాటిమాటికి అడిగినచో అది బలవంతము. ఏ ‘వద్దు’ మొహమాటమో, ఏ ‘వద్దు’ నిజమైనదో మనము మాట తీరును బట్టి, కనుచూపును బట్టి గ్రహింతుము. ఈ జ్ఞానమును సూత్రములుగా వ్రాసి యంత్రమున నింపుట దుస్సాధ్యము.

రంజాన్ నెలను తీసికొందము. ఇంటిలోని వారి దినచర్యను కనిపెట్టి, మార్పు వచ్చినచో హెచ్చరించు రోబో ఒకటి ఉన్నదనుకొందము. పదునొకండు నెలలు అది చూచినది ఒక తీరు. పండ్రెండవ నెలలో వృద్ధురాలు తెల్లవారకముందే లేచి భుజించును. పగలంతయు నీరైన ముట్టదు. రాత్రి పొద్దుపోవు వరకు మేలుకొని ఉండును. ఆమెకు జబ్బు చేసినదని యంత్రము కువైట్‌లోని కుమార్తెకు వార్త పంపినచో ఆ బిడ్డ అచట తల్లడిల్లును. ఒకరి దినచర్యను మాత్రమే తెలిసికొన్న చాలదు. ఆ దినచర్యకు వెనుక నున్న పంచాంగమును తెలియవలెను.

మూడవ చిక్కు: రూపము

టోక్యోకు చెందిన మసాహిరో మోరి 1970లో ఒక సంగతి గమనించినాడు. యంత్రము మనిషిని పోలిన కొలది మనకు దానిపై ఇష్టము పెరుగును. కాని పోలిక పూర్తిగా కుదరక, ఇంచుమించు మనిషివలె ఉన్న దశలో ఆ ఇష్టము ఒక్కసారిగా జారి వెగటుగా మారును. ఈ పాతమును ఆయన ఒక లోయతో పోల్చినాడు.

జపానులో తకనోరి షిబాతా రూపొందించిన ‘పారో’ అను చికిత్సారోబో ఈ లోయను తెలివిగా తప్పించుకొన్నది. అది సీల్ పిల్ల ఆకారమున ఉండును. పిల్లి, కుక్క అందరికి పరిచితములు కనుక లోపములు వెంటనే పట్టుబడును. సీల్ జంతువును దగ్గరగా చూచినవారు తక్కువ. మతిమరుపుతో బాధపడు వృద్ధులను ఊరడించుటకు దీనిని వాడుచున్నారు. 2009లో అమెరికా ప్రభుత్వము దీనిని వైద్యపరికరముగా గుర్తించినది.

ఈ రహస్యము మన తోలుబొమ్మలవారికి ఏనాడో తెలియును. తెరపై ఆడు తోలుబొమ్మను మనిషియని ఎవరును భ్రమపడరు. అయినను సీత కష్టములకు ప్రేక్షకులు కంటతడి పెట్టుదురు. మనసు కరగుటకు చర్మము, కనురెప్పలు అక్కరలేదని ఇందువలన తెలియుచున్నది. పైగా ప్రాణిరూప ప్రతిమలను ఇంటిలో ఉంచుకొనని కుటుంబములు మనలో కలవు. అట్టివారికి ముఖము లేని సాధనమే హితము. ముఖము ఉండవలెనా అను ప్రశ్నను కూడ ఇంటివారినే అడుగవలెను.

నాలుగవ చిక్కు: ఇల్లు

హాన్స్ మొరావెక్ అను శాస్త్రజ్ఞుడు రాజ్ రెడ్డిగారి సంస్థలోనే పనిచేసినాడు. 1988లో ఆయన చెప్పిన మాట ఏమనగా: పెద్దలకు తగిన తెలివితేటల పరీక్షలు, చెకర్స్ ఆట యంత్రమునకు సులభము, ఏడాది బిడ్డకు సులభమైన చూపు, నడక యంత్రమునకు అతి కష్టము. దీని అర్థము తెలియవలెనన్న మన ఇంటిని చూచిన చాలును. వీధి వాకిట గడప. లోపల మరియొక గడప. కడిగిన గచ్చుపై తడి. దారికడ్డముగా నులకమంచము. వంటింటిలో నేలపై కత్తిపీట. గుమ్మము ముందు విడిచిన చెప్పులు. పొద్దున ఉన్న చోట సాయంత్రము ఏదియు ఉండదు. చక్రముల రోబోకు ఒక్క గడపయే కొండ.

2022 జూలైలో గోదావరి పొంగి భద్రాచలము వద్ద నీటిమట్టము 71 అడుగులు దాటినప్పుడు మన ప్రాంతము పడిన అవస్థ అందరికి గుర్తున్నది. వరద వచ్చినచో మొదట పోవునది విద్యుత్తు, ఆ వెంటనే ఫోను సంకేతము. ఎక్కడనో ఉన్న సర్వరుపై ఆధారపడి పలుకు రోబో ఆనాడు మూగపోవును. ఒంటరి వృద్ధులకు తోడు అత్యవసరమగు దినము అదియే. కరెంటు లేని నాడు ఏమి చేయగలదు అనునది మన ప్రాంతమున రోబోకు పెట్టవలసిన మొదటి పరీక్ష.

అయిదవ చిక్కు: గుట్టు

వినుటకై చెవి తెరచియున్న యంత్రము ఇంటి మాటలన్నియు వినును. అప్పులు, అలకలు, పెండ్లిమాటలు, రోగములు దాని చెవిని పడును. పనిమనిషి వినినచో ఆమెకు ఒక మనసు, ఒక మర్యాద ఉండును. యంత్రము వినినది ఎక్కడికి పోవును? భారత ప్రభుత్వము 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై ఒక చట్టమును చేసినది. వ్యక్తి సమ్మతి ఆ చట్టమునకు మూలము. కాని ఒకే గదిలో ఏడుగురు నివసించు ఇంటిలో సమ్మతి ఎవరిది? రోబోను కొని పంపిన కుమారునిదా, దాని ఎదుట దినము గడపు తల్లిదా? తాను మాత్ర మ్రింగలేదని కుమారునికి తెలుపవద్దని తల్లి కోరినచో యంత్రము ఎవరి మాట వినవలెను? తల్లి అప్పుడప్పుడు బిడ్డల నుండి దాచు చిన్న సంగతులు ఆమె గౌరవములో భాగము. వాటిని కాపాడుట కూడ సేవయే.

ఆరవ చిక్కు: అనురాగము

1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అను చిన్న కార్యక్రమమును వ్రాసినాడు. టైపు చేసిన మాటలనే త్రిప్పి ప్రశ్నగా అడుగుట తప్ప దానికి వేరొకటి తెలియదు. అయినను దానితో సంభాషించుచున్న ఆయన కార్యదర్శిని, కొంతసేపు గది విడిచి వెళ్లుమని ఆయననే కోరినది. ఒంటరి మనసు ఎంత త్వరగా లొంగునో చూచి ఆయన కలవరపడి, తరువాత ఈ పోకడను గట్టిగా విమర్శించినాడు.

జపానులో సోనీ సంస్థ 1999లో ‘ఐబో’ అను రోబో కుక్కను అమ్మినది. 2006లో తయారీ నిలిచినది. 2014లో మరమ్మతులు నిలిచినవి. 2015 నుండి చిబా రాష్ట్రములోని ఒక బౌద్ధాలయమున పాడైన ఐబోలకు అంత్యక్రియలు జరిపించినారు. 2018లో క్రొత్త ఐబో వచ్చినను పాత కుక్కను పోగొట్టుకొన్నవారికి అది వేరొక కుక్కయే. ‘జీబో’ అను అమెరికా గృహరోబో 2019లో తన సర్వర్లు త్వరలో మూతపడునని తానే యజమానులకు తెలిపినది. పిల్లలకు తోడుగా అమ్మిన ‘మాక్సీ’ రోబోను తయారు చేసిన సంస్థ 2024 డిసెంబరులో తాను మూతపడుచున్నట్లు ప్రకటించగా, ఆ మాటను పిల్లలకు ఎట్లు చెప్పవలెనో తెలియక తల్లిదండ్రులు కలతపడినారు.

మన ఊరిలో కుట్టుమిషను చెడినచో బాగుచేయువారు కలరు. సైకిలు చెడినచో కలరు. తోడుగా ఉండు యంత్రము చెడినచో బాగుచేయు మనిషి నడచిపోగల దూరములో ఉండవలెను. సంస్థ మూతపడినను అది పనిచేయునట్లు ఉండవలెను. లేనియెడల ఒకసారి బిడ్డలు దూరమైన ముసలితల్లికి మరల ఒకరిని దూరము చేసినవారమగుదుము.

ఉపసంహారము

ఈ చిక్కులన్నిటిని ఒకచోట చేర్చి చూచినచో మామ్మ అడిగిన ప్రశ్నయే మిగులును. “ఎవరింటి పిల్లవమ్మా?” అనగా నీవు తప్పు చేసినచో మేము ఎవరి ఇంటికి వెళ్లి అడుగవలెను అని భావము. మన సంఘమున గడప దాటు ప్రతివానికి వెనుక ఒక ఇల్లు ఉన్నది. జవాబు చెప్పు పెద్ద ఒకరు ఉన్నారు. సామాజిక రోబో అనిపించుకొనవలెనన్న యంత్రమునకు కూడ అట్టి జవాబుదారి ఉండవలెను. తాను యంత్రమునని అది దాచకుండ చెప్పవలెను. తన్ను ఎవరు చేసినారో, ఎవరు పంపినారో, విన్నది ఎవరికి చెప్పునో, చెడినచో ఎవరిని అడుగవలెనో ఇంటివారి భాషలో తెలుపవలెను. అంతవరకు అది ఎంత తీయగా పలికినను మన ఇంటిలో పరాయిదే.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున అరువది ఏండ్లు దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. బ్రతుకుతెరువుకై గల్ఫ్ దేశములకు, నగరములకు బిడ్డలు పోగా మిగిలిన తల్లిదండ్రులు మన వీధులలోనే ఉన్నారు. వారికై ఎవరో ఎక్కడనో యంత్రములు చేయుదురు. ఆ యంత్రములు మనలను ఎరిగి ఉండునా లేదా అనునది మనపై కూడ ఆధారపడి ఉన్నది. కోరంగి ఓడవలెనో, పోలవరము లాంచీవలెనో, ఎక్కువాని ఊరు తెలిసినవాడే రేవు కట్టవలెను.

విద్యార్థులారా! ఈ పని ఇంజనీరింగ్ చదివినవారికి మాత్రమే చెందినదని తలపవద్దు. ఒక ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, చుట్టములలో ఈ రెండింటి కలయిక విని పెరిగినవారు మీరు. ఏ ‘వద్దు’ మొహమాటమో మీకు తెలియును. ఈ జ్ఞానము ప్రయోగశాలలలో కొరతగా ఉన్నది. ఒక వారము మీ ఇంటిలో ఎవరు ఎవరిని ఏమని పిలుచుచున్నారో, ఏ మాట ఎవరి ఎదుట ఆపుచున్నారో ఒక పుస్తకమున వ్రాసి చూడుడు. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన ‘భాషిణి’ పథకమున ‘భాషాదాన్’ పేరిట ప్రజలు తమ గొంతును, మాటలను అందించు ఏర్పాటు కలదు. అందు మన గోదావరి తెలుగు, మన ఉర్దూ వినిపింపవలెను. కళాశాల యాజమాన్య సంఘమువారు తెలుగు, ఉర్దూ, విజ్ఞానశాస్త్ర శాఖల విద్యార్థులు నెలకొకసారియైన కలసి ఇట్టి విషయములను చర్చించుటకు అవకాశము కల్పింతురని ఆశించుచున్నాము.

ఆ దినమున జరిగిన మిగిలిన సంగతిని చెప్పి ముగింతుము. నవ్వులు ఆగిన తరువాత మామ్మ ఆ పిల్లవానితో, “అది సరేగానీ, మా అమ్మాయికి కలపరా ఓసారి” అన్నది. అతడు యంత్రస్వరమును ఆపి కువైట్‌కు ఫోను కలిపినాడు. తెరపై కుమార్తె ముఖము కనిపింపగనే ఆమె అడిగిన మొదటి మాట “తిన్నావా?” అని. మనకై తయారగు యంత్రములన్నిటికి ఈ పనియే మొదటి పాఠము కావలెనని మా అభిప్రాయము.